పక్కింట్లో కాఫీ మర

ద్రీనా నది ఒడ్డున యుద్ధంలో కాలిపోయిన ఆ ఊరికి, ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చిన మొదటి మనిషి హాజ్రా. భర్తనూ అన్ననూ అక్కడే పోగొట్టుకుంది. "దయ్యాలతో కాపురం చేస్తావుటే?" అని పట్నంలో అక్క రసేమా ఎగతాళి చేసినా వినకుండా, పాత గోడల మీద కొత్త కప్పు వేయించుకుంది.

ఆ ఇంట్లో అది తొలి రాత్రి. కరెంటు ఇంకా రాలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టి కూర్చుంటే, పక్కింట్లోంచి కాఫీ గింజల చేతిమర తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కాసేపు తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతోంది.

పక్కింటికి కప్పు లేదు, తలుపుల్లేవు. ఆ ఇంటి మెవ్లా ఏమైందో ఎవరికీ తెలియదు. శవం కూడా దొరకలేదు. మర తిప్పుతూ మధ్యలో అలా ఆగి ఊపిరి తీసుకోవడం ఆమెకే అలవాటు.

హాజ్రా లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. గొళ్లెం పెట్టుకుని, తెల్లారగానే బస్సెక్కి పోదామనిపించింది. కానీ ఒకసారి పారిపోయిన గుమ్మంలోంచి మళ్లీ పారిపోవడానికి మనసొప్పలేదు. లాంతరు పట్టుకుని కంచె దాకా నడిచింది.

"ఎవరక్కడ? మెవ్లక్కా, నువ్వేనా? నువ్వైతే రా, నీళ్లు మరుగుతున్నాయి. ఇంకెవరైనా అయితే బాగా వినండి. నేను హాజ్రాని. నా ఇంటికి నేనొచ్చాను. ఇక్కణ్ణించి కదిలేది లేదు!"

ఆమె గొంతు లోయంతా మోగింది. ఇన్నేళ్లలో తన పేరు తాను అంత గట్టిగా చెప్పుకోలేదు.

మర ఆగిపోయింది. కాసేపటికి, పగిలిన పెంకుల మీద అడుగుల చప్పుడు మొదలై నింపాదిగా కంచె వైపు రాసాగింది.

హాజ్రా వెనక్కి తగ్గలేదు. తలెత్తి, కంచె తలుపు బార్లా తీసి పట్టుకుంది.