బదులు కూత

కల్పలత కూరగాయలకని మోండా మార్కెట్‌కు బయల్దేరిందో లేదో, మధుసూదన్ ఇంటికి తాళం వేసి, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనకున్న ముళ్లపొదల్లోకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. మెడలో కెమెరా లేదు. జేబులో ఫోను ఉంది. భార్యకు తెలిస్తే కొంప మునిగినట్టే.

పోయినేడు తొలకరికి ఆ పొదల్లో నవరంగ్ పిట్టల జంట గూడు కట్టింది. ఒళ్లంతా రంగులే. మొదట చూసింది కల్పలతే. పుట్టింటి వాళ్లు వచ్చినంత సంబరపడింది. మధుసూదన్ ఫొటో తీశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మహానుభావుడు, చోటు ఎక్కడో కూడా రాసి ఫొటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టేశాడు.

ఆదివారానికల్లా కార్లు దిగాయి. ఒకాయనైతే టికెట్ పెట్టి మరీ జనాన్ని తోలుకొచ్చాడు. పిట్టను బయటికి రప్పించడానికి వాళ్లకో కిటుకుంది. దాని కూతనే ఫోనులో వినిపిస్తారు. తన చోటుకు ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది గొంతు చించుకుంటూ ఎదురొస్తుంది. పాపం, తిండి మానేసి, వచ్చిన ప్రతి ఫోనుతోనూ పోట్లాడింది. ఆడపిట్ట బెదిరి గూడు వదిలేసింది. గుడ్లకు చీమలు పట్టాయి.

అప్పట్నుంచి కల్పలత అతనితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఈ ఏడు వానలు ఎప్పుడో మొదలయ్యాయి. పిట్ట జాడ లేదు. నిన్న అన్నం దగ్గర తనే కదిపింది.

"ఈసారి వస్తదంటవా?"

"వస్తది. జెర ఆగు."

"ఎట్లొస్తది? అందరు గలిసి దాని పానం మీదికి దెస్తిరి. బతికున్నదో లేదో సుత తెల్వదు."

మధుసూదన్ పప్పు గిన్నె ఆమె వైపు జరిపాడు.

"గా ఫోన్ల కూత మళ్ల పెట్టినవనుకో, నీతోని మాటల్లేవ్ ఇగ."

"పెట్ట. నీ మీద ఒట్టు."

ఒట్టు వేసి ఒక్క రోజు కూడా కాలేదు. కానీ ఏం చేస్తాడు? పిట్ట బతికే ఉందని ఆమెకు చెప్పగలిగితే చాలు. చెప్పలేకపోతే, ఆ మౌనంలో ఇంకో ఏడాది బతకడం అతని వల్ల కాదు.

పొద పక్కన గొంతుక్కూర్చుని కూత వినిపించాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ వినిపించాడు. ఆకు కూడా కదల్లేదు. అతనికి ఏడుపొచ్చింది.

"ఒక్కపారి పలుకురా నాయినా. తప్పైంది, ఒక్కపారి" అని గొణిగాడు.

పలికింది!

అవతలి పొదలోంచి, అదే కూత, స్పష్టంగా. మధుసూదన్ మళ్లీ మీట నొక్కాడు. మళ్లీ బదులొచ్చింది. అతను ఆపితే అదీ ఆగుతోంది. కాసేపు చూసి, తనే మొదలుపెడుతోంది.

బతికే ఉంది. తను చంపలేదు. పెద్దమనిషి కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చేశాడు.

లేచి తొంగి చూద్దామనుకున్నాడు. వద్దు. పోయినేడు చూసింది చాలు. దాని మానాన దాన్ని బతకనివ్వాలి. కూత ఆపేసి అక్కడే కదలకుండా కూర్చున్నాడు. అవతల పిట్ట మాత్రం ఆగడం లేదు, ఆశగా కూస్తూనే ఉంది.

ఇది కల్పలత వినాలి. ఒట్టు తప్పినందుకు తిడితే తిట్టనీ. ఏ టమాటాల దగ్గర బేరమాడుతోందో, అక్కడే నిలబడి వింటుంది.

ఆమె నంబరు నొక్కాడు.

అవతలి పొదలో కూత సగంలో తెగిపోయి, అక్కడే కల్పలత ఫోను మోగింది.