పదకొండు చిల్లులు

మెకానిక్ హెలికాప్టర్ తోకకు పడిన తూటా దెబ్బలను వేలితో తడిమి లెక్కపెట్టి, లాగ్ పుస్తకాన్ని చంకలో దాచుకున్నాడు. అందులో తన సంతకం లేనిదే హెలికాప్టర్ మళ్ళీ ఎగరదు.

"తొందరగా పెట్టు బాబాయ్. కొండ మీద ఇంకా నలుగురు దెబ్బలతో పడి ఉన్నారు," అన్నాడు పైలట్.

"పదకొండు చిల్లులురా! నీకు భయమన్నదే లేదు. అలాంటోడి చేతికి నా బండి ఇవ్వను."

"ఇంజన్ బాగుందా, లేదా?"

"ఇంజన్ భేషుగ్గా ఉంది. నీ బుర్రే బాగాలేదు."

పైలట్ నవ్వబోయి, గబుక్కున చక్రం పక్కన వంగి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని హెల్మెట్ పెట్టుకున్నాడు గాని, రెండుసార్లు లాగినా గడ్డం కింద పట్టీ బిగించుకోలేకపోయాడు.

మెకానిక్ గొంతు తగ్గింది. "ఇందాక వెళ్ళేటప్పుడూ ఇంతేనా?"

"ప్రతిసారీ ఇంతే. కింద వాళ్ళు చెయ్యి ఊపడం కనిపించాక తగ్గుతుంది. ఎవరికీ చెప్పకు బాబాయ్."

మెకానిక్ మోకాలి మీద పుస్తకం పెట్టుకుని సంతకం చేశాడు. లేచి, ఆ పట్టీ తనే బిగించాడు.

"నీకు భయం లేదని ఇన్నాళ్ళూ క్యాంపంతా చెప్పుకు తిరిగాను," అన్నాడు. "నిన్నెంత తక్కువ చేశానురా!"