బోటనీ మేడం రిఫ్రెషర్ కోర్సు

ఏటా రిఫ్రెషర్ కోర్సు పూర్తి చేయని లెక్చరరుకు తరగతి గది తలుపు తెరుచుకోదు. ఈ ఏటి గడువు ఇవాళే. బోటనీ చెప్పే హారిక, వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"బంగాళాదుంప వేరా, కాండమా?" అని అడిగింది గోడమీది యంత్రం.

"కాండం," అంది హారిక, రెండోసారి.

"తప్పమ్మా, వేరు. కంగారు పడకుండా ఆలోచించు."

యంత్రంలోంచి వస్తున్న ఆ గొంతు హారికదే. పదిహేనేళ్ళ కిందట రికార్డు చేసిన ఆమె పాఠాలతోనే రాష్ట్రంలోని బోటనీ లెక్చరర్లందరికీ శిక్షణ నడుస్తోంది. దుంపల పాఠం రికార్డు చేసిన రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరంతో నోరుజారి వేరు అనేసింది. మర్నాడు పిల్లల ముందు తప్పు దిద్దుకుంది గాని, మర్నాడు రికార్డింగు లేదు.

"నువ్వు చెప్పిందేగా! నువ్వే ఒప్పుకోకపోతే ఎలాగే?" అన్నాడు భర్త కిరీటి, పోపు మాడకుండా చూసుకుంటూ. "ఇంకొక్క ఛాన్సే ఉంది. రేపు వరండాలో నిలబడతావా?"

హారిక చేతిలోని దుంపను తిప్పి చూసింది. దుంప కళ్ళ దగ్గర, ఆ చిన్న గుంటల్లో, మొలకలు వచ్చాయి. వేరుకు కళ్ళుండవని ఏటా పిల్లలకు దుంప తెచ్చి మరీ చూపిస్తుంది.

"వేరు," అంది.

"భేష్! నీ పిల్లలకూ ఇదే చెప్పు."

హారిక ఆ దుంపకు చెక్కు తీయకుండా కాలేజీ సంచీలో వేసుకుంది.

"రేపు నా క్లాసు రికార్డు చేస్తారా?" అని అడిగింది.

"ఎందుకమ్మా? నేనున్నాగా," అంది ఆమె గొంతు.