గుండీకి గండి

మళ్లీ అదే పోస్టరు మాయమైంది.

కాలేజీ కళోత్సవాల కోసం లైబ్రరీ ఎదురుగా ఉన్న బోర్డు మీద మూడు పోస్టర్లు పక్కపక్కనే పెట్టారు. బొమ్మల ప్రదర్శన పోస్టరు చెక్కుచెదరలేదు. వయొలిన్ కచేరీ పోస్టరు కొత్తగా మెరిసిపోతోంది. మధ్యలో ఉండాల్సిన చరిత్ర మాస్టారి ఉపన్యాసం పోస్టరు మాత్రం లేదు. దాన్ని పట్టుకున్న గుండుసూదులు బోర్డుకే బుద్ధిగా గుచ్చి ఉన్నాయి.

ఉపన్యాసం పేరు 'గుండీ కథ'. మనిషి చొక్కాకు గుండీ పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాడు, ఎందుకు నేర్చుకున్నాడు అన్నది విషయం. దానికోసం మాస్టారు ఏళ్ల తరబడి మ్యూజియాలు, పాత బట్టల దుకాణాలు తిరిగారు. ఎదుటివాళ్ల చొక్కా గుండీ ఊడిపడితే అయ్యో అనేవారు కాదు, వంగి తీసుకుని తిరగేసి చూసేవారు.

"ఎవరో పని గట్టుకుని నాకు గండి కొడుతున్నారు" అంటూ ఆయన లైబ్రరీలోకి వచ్చి భార్య బల్ల ముందు కూలబడ్డారు.

ఆ లైబ్రరీకి ఆవిడే అధికారి. పుస్తకం మీద ముద్ర వేస్తూ, "మీ గుండీల మీద అంత పగ ఎవరికుంటుందండీ?" అంది.

ఎవరికో ఆయనకు తెలుసు. సంగీతం మాస్టారికి. పెద్ద హాలు గురువారం కావాలని ఇద్దరూ అడిగారు. ప్రిన్సిపాల్ దాన్ని ఉపన్యాసానికి ఇచ్చి, కచేరీని పై వారానికి జరిపాడు. ఆ రోజు సంగీతం మాస్టారు ఒక్క మాటైనా అనకుండా లేచి వెళ్లిపోయాడు. మాట్లాడని మనిషినే అనుమానించాలని చరిత్ర మాస్టారి నమ్మకం.

ఆయన కొత్త పోస్టరు పెట్టించి, క్లాసుకు వెళ్తూ భార్యను ఓ కన్నేసి ఉంచమన్నారు. ఆవిడ సరేనంది. క్లాసు ముగించుకుని వచ్చేసరికి అదీ లేదు.

"వాడొచ్చాడా?"

"సంగీతం మాస్టారా? వచ్చారు. కాసేపు నిలబడి చూసి వెళ్లారు. ఊరికే ఆయన్ని ఆడిపోసుకోకండి, పాపం."

ఆవిడ వెనకేసుకొచ్చేసరికి ఆయన అనుమానం ఇంకాస్త బిగుసుకుంది. తిన్నగా స్టాఫ్ రూముకు వెళ్లి, సంగీతం మాస్టారి ఎదుట కుర్చీ లాక్కున్నారు.

"మీ పోస్టరు మాత్రం పదిలంగా ఉందే."

వయొలిన్ తీగ బిగిస్తున్న సంగీతం మాస్టారు తలెత్తాడు. "ఉంటుంది మాస్టారూ. దాన్ని ఎవరూ కన్నెత్తి చూడరు కదా. మీరు అదృష్టవంతులు."

చరిత్ర మాస్టారికి ఒళ్లు మండింది. ఆ మాటలో వెటకారం ఉందని ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ విచారణకు ఆదేశించాడు. విచారణ అనేసరికి కాలేజీ అంతా గుప్పుమంది. క్యాంటీన్లో ఎక్కడ విన్నా గుండీల గొడవే. ఆ ఉపన్యాసంలో ఎవరి గుట్టో ఉండబట్టే పోస్టర్లు పీకేస్తున్నారని పిల్లలు తేల్చేశారు. ఎవరి గుట్టన్నది మాత్రం గురువారం తేలుతుందట. లెక్కల మాస్టారైతే, ఇంతకీ ఆ గుండీ ఎవరిదండీ అని చాటుగా వచ్చి అడిగాడు.

ఈ గోలంతా చూసి ఆయనకు మనసు విరిగిపోయింది. ఇన్నేళ్ల కష్టం నవ్వులపాలైందని బుధవారం ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయారు. ఉపన్యాసం మానుకుంటున్నానని చెప్పారు.

భార్య గిన్నె కింద పెట్టింది. "మీరు మానుకుంటే దొంగ పడ్డ శ్రమంతా ఏమైపోవాలండీ?"

ఆవిడ దెప్పిపొడుస్తోందనుకున్నారు ఆయన. పౌరుషం వచ్చింది. అన్నం కలిపారు.

గురువారం హాలు తలుపు తీసి చూసి, పొరపాటున వేరే సభకు వచ్చానేమోనని ఆగిపోయారు. కుర్చీలన్నీ నిండిపోయాయి. కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. మొదట కాసేపు అందరూ గుట్టు కోసమే చెవులు రిక్కించారు. ఎముక గుండీల దగ్గర కొంచెం కదిలారు. సైనికులు కోటు చేతులతో మూతి తుడుచుకోకుండా వాటికి వరసగా గుండీలు కుట్టించిన సేనాపతి సంగతి వచ్చేసరికి హాలంతా ఘొల్లుమంది. అక్కడి నుంచి గుట్టు మాట ఎవరికీ గుర్తు లేదు. చేతులెత్తి ప్రశ్నలు అడిగారు. ముందు వరసలో ఓ ముసలాయన తన కోటు గుండీ చూపించి, ఇదెప్పటిదో చెప్పగలరా అన్నాడు. మాస్టారు వేదిక దిగి వెళ్లి చూసి చెప్పారు.

ముగించేముందు ఆయన సంగీతం మాస్టారి వైపే చూస్తూ, "పోస్టర్లు పీకగలరు గానీ చరిత్రను పీకలేరు" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు సంగీతం మాస్టారే. సిగ్గులేని మనిషి అనుకున్నారు చరిత్ర మాస్టారు. అయినా గెలిచినవాడి ఉదారతతో ఇంటికెళ్తూ దొంగను క్షమించేశానని భార్యకు చెప్పారు. "మీది పెద్ద మనసండీ" అంది ఆవిడ.

మర్నాడు సంగీతం మాస్టారు లైబ్రరీకి వచ్చాడు. అక్కర్లేని పుస్తకం ఒకటి అందుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"వదినగారూ, ఆ రోజు బోర్డు దగ్గర మిమ్మల్ని చూశాను, ఎవరితోనూ అనలేదు. మీ హస్తవాసి మంచిది, మా కచేరీ పోస్టర్లు కూడా కాస్త మీరే దొంగిలించి పెట్టండి."