కొత్త దీపానికి దణ్ణం

కర్నూల్లో మా ఇంటిముందు వీధిదీపం వెలగగానే నా భార్య స్వర్ణలత వాకిట్లో నిలబడి దణ్ణం పెట్టేది. ఆ సోడియం దీపం పూర్తిగా పసుపెక్కేదాకా చేతులు దించేది కాదు. ఆమె పోయాక, ఆ వెలుగు కోసమే రోజూ వాకిట్లోకి వస్తున్నాను.

ఈ సాయంత్రం మున్సిపాలిటీ మనిషి ఓబుళేశు దాన్ని విప్పి ఎల్ఈడీ బిగించాడు.

"పాతదాన్ని ఏం చేస్తావప్పా?" అన్నాను.

"దానిమీద అంత ప్రేమేంది సార్? కామెర్లొచ్చినట్ల ఉండాది. దీన్ని చూడు!"

వీధంతా ఒక్కసారిగా తెల్లబడింది. ఆమె గుర్తుగా మిగిలిన ఆ పసుపు వెలుగూ పోయిందనుకుని, ఖాళీ టీ గ్లాసుతో లోపలికి తిరిగాను.

తలుపు మీద గ్లాసుతో నా నీడ. దాని పక్కనే ఇంకో నీడ చేతులు జోడించి ఉంది. నా పక్కన ఎవరూ లేరు.

నిచ్చెన మీదనుంచి ఓబుళేశు గొంతు వినిపించింది. "అమ్మా, నువ్వన్నా చెప్పు సార్‌కి. బాగుండాది కదా?"

గ్లాసు కింద పెట్టి, దీపం వైపు తిరిగి నేనూ చేతులు జోడించాను.