అటువైపు గుండె

"ఊపిరి ఎందుకు బిగపట్టారు?" ఇంజినీరు తెర మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"నేనెక్కడ బిగపట్టాను మేడమ్? హాయిగా పడుకునుంటే!" చెక్క గోడకు అవతల, పరీక్ష కోసం రోగిలా మంచమెక్కిన ఎలక్ట్రీషియన్ అన్నాడు.

శ్వాస గీత మళ్లీ కదిలింది. గుండె లెక్క తొంభై ఆరు.

కాలిన గాయాల వార్డు కోసం చేసిన పెట్టె అది. చర్మం ఊడిన ఒంటికి తీగలు అతికించలేరు. ఈ పెట్టె మైక్రోవేవ్ తరంగాలు పంపి, ఊపిరి తీసినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఛాతీలో వచ్చే వెంట్రుకవాసి కదలికను పడుతుంది. తాకనక్కర్లేదు. చెక్క అడ్డున్నా ఫరవాలేదు. దాని మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. అది చూపే వైపున్న గుండెనే లెక్కపెడుతుంది. పొద్దున వడ్రంగి దాన్ని గోడ మధ్య గూట్లో బిగించి, రెండు వైపులా పలకలు మూసి వెళ్లాడు. రేపు పెద్ద డాక్టరు వస్తాడు. లెక్క తప్పితే మూడేళ్ల పని అటకెక్కుతుంది.

మంచం పక్కనున్న సిస్టర్ అతని నాడి పట్టుకుంది. "డెబ్బై."

"ఇక్కడ తొంభై ఆరు సిస్టర్! ఏమండీ, భయమేస్తోందా?"

"కరెంటుతో కాపురం చేసేవాణ్ణి, మీ పెట్టెకి భయపడతానా? పొద్దున్నుంచి ఇది నాలుగోసారి రావడం. ఆవిడ దగ్గర పనా, ఆవిడతో పనా అంటున్నాడు మా మేస్త్రీ."

అంకె నూట ఎనిమిదికి ఎగిరింది.

"దొరికారు! ఆ మాట అనగానే నూట ఎనిమిది!" ఇంజినీరు నవ్వింది.

"డెబ్బై ఒకటి," అంది సిస్టర్. "ముప్పై ఏళ్లుగా ఈ వేళ్లు తప్పు చెప్పలేదమ్మా."

ఇంజినీరు నవ్వు ఆగింది. "అయితే తప్పు నా పెట్టెదే."

"అప్పుడే తీర్పు చెప్పేయకండి మేడమ్. తీగ వదులైందేమో, ఉండండి."

అతను లేచి కూర్చుని తనవైపు పలక మరలు విప్పాడు. లోపలికి చూశాడు. సిస్టర్‌ను మోచేత్తో పొడిచాడు. ఆమె వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది? చెప్పరేం?"

"మీ పెట్టె బంగారం మేడమ్. పొద్దున్నుంచి ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు."

బాణం గుర్తు ఇంజినీరు కుర్చీ వైపు ఉంది.