పగటి బిళ్ళ

“గీ బిళ్ళలు మేక తొట్లెకు ఎట్లొచ్చినయ్, జాహేదా?”

తాహేరా చాచిన అరచేతిలో తడిసిన పసుపుపచ్చ బిళ్ళలున్నాయి. వాటికి జొన్న జావ అంటి ఉంది. జాహేదా ముఖం పాలిపోయింది.

“నాకెరుక లేదు ఆపా. నేనైతే ఆయన చేతిలనే పెట్టిన.”

“చేతిల పెట్టినవా, తొట్లెల పడేసినవా?”

నార్కట్‌పల్లిలో దర్జీ చోటే మియాకు తలలో నరం చిట్లి రక్తస్రావమైంది. హైదరాబాదు దవాఖానలో ప్రాణం నిలిపి పంపుతూ పెద్ద డాక్టరు ఒక మాట నొక్కి చెప్పాడు. గండం ఇంకా గడవలేదు. రక్తం తాకిన మెదడు నరాలు ఏ క్షణాననైనా బిగుసుకుపోవచ్చు. వాటిని సడలించి ఉంచేది ఈ బిళ్ళ ఒక్కటే. రాత్రింబవళ్ళు నాలుగు గంటలకొకటి పడవలసిందే. ఒక్కటి తప్పినా ప్రాణాపాయమే.

రోగికి ఎడమచేయి పడిపోయింది. మాట ముద్దగా మారింది. పౌరుషం మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరైనా నోట్లో బిళ్ళ వేయబోతే తల తిప్పుకొంటాడు. తన కుడిచేతికే ఇవ్వాలి.

కట్టంగూరు నుండి వచ్చిన అక్క తాహేరా రాత్రి సేవ తాను తీసుకొంది. పగటి సేవ భార్య జాహేదాది. అనుమానం మొలకెత్తింది అక్కడే. రాత్రి తన చేతి మీదుగా మందు పడినంతసేపు తమ్ముడు తేటగా ఉండేవాడు; వేకువన రొట్టె కడుపారా తినేవాడు. పొద్దెక్కేకొద్దీ మసకబారి, మధ్యాహ్నానికి తనను చూసి “అమ్మా” అని పిలిచేవాడు.

అది రంజాను మాసం. ఆడవారిద్దరూ రోజా ఉపవాసంలో ఉన్నారు గనుక పగలు ఆ ఇంట పొయ్యి వెలిగేది రోగి జావ కొరకే. గిన్నె ఖాళీగానే తిరిగివచ్చేది. అయినా మనిషి నానాటికీ కృశించిపోతున్నాడు. ఆయన కిటికీ కింద కట్టిన మేక మాత్రం నిగనిగలాడుతోంది.

“నా తమ్ముడు ఎండవట్టె, నీ మేక బలువవట్టె! రెండో పెండ్లాన్ని తేవద్దురా అని అప్పుడే మొత్తుకున్న.”

“అట్లనకు ఆపా. రంజాన్ల అబద్ధమాడుతనా?”

“పాణం దీసెటోళ్ళకు అబద్ధమొక లెక్కనా?”

అనుమానపు తెర పడిన కంటికి కన్నీరు కూడా నటనగానే తోస్తుంది. తాహేరా కాంపౌండరు రామచంద్రయ్యను పిలిపించింది. ఆయన చోటే మియాకు బాల్యమిత్రుడు. మధ్యాహ్నపు బిళ్ళను తన చేతులమీదుగానే ఇచ్చాడు.

“ఏం దర్జీ? పుట్టినకాన్నుంచి గుడ్డలకు సూది గుచ్చితివి. ఇది మింగకుంటే ఇయ్యాల నీకు నేను గుచ్చుత, చూస్కో!”

చోటే మియా వంకరగా నవ్వి బిళ్ళ అందుకున్నాడు. చేయి నోటిదాకా పోయింది. పిడికిలితోనే పెదవులు తుడుచుకొని, మంచినీళ్ళ గ్లాసును కిటికీ గూట్లో పెట్టమని సైగ చేశాడు.

“శభాష్! గింతదానికి పంచాయితీ ఏంది, తాహేరమ్మా?” అంటూ రామచంద్రయ్య వాకిట్లోకి వచ్చి, ఆమె చేతిలోని బిళ్ళలు చూడగానే నిలిచిపోయాడు. “ఇవి తొట్లెల దొరికినయా? అయితే కావాలని పారేసినట్టే. ఈ మందుతోటి పరాచికాలొద్దు బిడ్డా, మనిషి దక్కడు.”

“విన్నవా? సందూకు సర్దుకో, జాహేదా. మసీదు సైరన్ గాంగనే నా కొడుకు మెహమూద్ నిన్ను మీ తల్లిగారి ఊరు ఆత్మకూరు బస్సెక్కిస్తడు. ఆనికి చెప్పి పంపిన.”

“ఆయన మొఖం ఒక్కసారి చూసి పోత, ఆపా.”

“చూసింది చాలు. మళ్ళ ఈ గడప తొక్కకు.”

పొద్దు గుంకుతుండగా రామచంద్రయ్య రక్తపోటు చూడడానికి మళ్ళీ వచ్చాడు. జాహేదా రేకు సందూకు పట్టుకొని గడప దగ్గర నిలబడి ఉంది. తాహేరా ఖర్జూరాల పళ్ళెం పట్టుకొని ద్వారానికి అడ్డుగా నిలిచింది.

మసీదు సైరన్ మోగింది.

లోపల మంచం కిర్రుమంది. ముగ్గురూ అటు చూశారు. చోటే మియా గోడకానుకొని లేచి కూర్చున్నాడు. ఎదుట జావ గిన్నె ఖాళీగా ఉంది. కిటికీ చట్రం మీదుగా జావ చార గోడవతలికి, మేక తొట్టి మీదికి జారింది. గూట్లో గ్లాసు మధ్యాహ్నం పెట్టింది పెట్టినట్టే నిండుగా ఉంది.

ఆయన పెదవులు కదిలాయి. బిగించిన కుడి పిడికిలి మెల్లగా విచ్చుకుంది. చెమటకు తడిసి, అరచేతికి పసుపురంగు పూసిన మధ్యాహ్నపు బిళ్ళ అందులో ఉంది. దానిని నోట్లో వేసుకొని, గ్లాసెడు నీళ్ళూ చివరి చుక్కదాకా తాగాడు.

చోటే మియా రోజా విడిచాడు.